పులుపు చూసే పళ్ళు

రెడ్డిగూడెంలో మామిడికాయ ఎటు చూసినా దొరుకుతుంది. ఏ కాయ ఆవకాయలో ఏడాదంతా మెత్తబడకుండా నిలుస్తుందో చెప్పే నోరు మాత్రం ఒక్కటే ఉంది. అది మా అత్తగారు మగ్దలేనమ్మది.

ఆవిడ బస్తా విప్పించి, పైన పేర్చిన కాయల జోలికి పోకుండా మధ్యలోంచి ఒకటి లాగుతుంది. చెంప కోసి, తొక్కతో సహా ముందుపళ్ళ కింద పెట్టి కరుక్కున కొరుకుతుంది. కాసేపు కళ్ళు మూసుకుంటుంది. "పెట్టు" అంటే ఆ బస్తా ఆవకాయకి. "తీసెయ్" అంటే ఇక ఆ రైతు ఎంత గింజుకున్నా లాభం లేదు, మార్కెట్టుకి తోలుకోవాల్సిందే. నూజివీడులోనూ మైలవరంలోనూ చాలా ఇళ్ళకి మేం ఆవకాయ పెట్టి పంపిస్తాం. వాళ్ళు మా కారాన్ని, నూనెని చూసి కొంటున్నారని నేనేం భ్రమపడను. మగ్దలేనమ్మ చూసిన కాయ అని కొంటున్నారు. మా ఇల్లు ఏడాదంతా నడిచేది ఆ కొరుకుడు మీదే.

ఆ కొరుకుడుకి ఒక పద్ధతి ఉంది. ఒక బస్తా చూశాక రెండోది చూసే ముందు ఆవిడ నోరు శుభ్రం చేసుకుంటుంది. పిడక కాల్చిన కచ్చికలో రాళ్ళ ఉప్పు నూరి కలిపి డబ్బాలో పోసి పెట్టుకుంటుంది. అది చూపుడు వేలి మీద వేసుకుని, పళ్ళు కిర్రుమనే దాకా తోమి, పుక్కిలించి ఉమ్మి, అప్పుడు రెండో కాయ అందుకుంటుంది. "ఒక బస్తా పులుపు ఇంకో బస్తా మీద పడకూడదు" అంటుంది. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతట. నేను ఉంగుటూరు పిల్లని, వరి తప్ప ఇంకోటి తెలియకుండా పెరిగాను. కాపురానికొచ్చిన కొత్తలో ఇదంతా చూస్తూ, గుడిలో ఫాదర్ గారి ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. ఇప్పుడు అంత భక్తి లేదు గానీ గౌరవం ఉంది.

మొన్నటి ఎండాకాలం, పాస్కా పండుగ, అదే ఈస్టరు, వెళ్ళిన వారంలో, గంగరాజు తోటలోంచి మొదటి బస్తాలు దిగాయి. గంగరాజు మాకు ఏటా కాయ ఇచ్చే రైతు. అత్తయ్య మొదటి బస్తా కొరికింది, తోమింది. రెండోది కొరికింది, తోమింది. మూడో కాయ కొరకగానే నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. భుజాలు బిగుసుకుపోయాయి.

"పెట్టు" అంది గోడకి చెబుతున్నట్టు.

తర్వాతి కాయ కోసి ముక్కని నాలిక మీద రాసుకుంది, కొరకలేదు. గంగరాజు గమనించలేదు గానీ నేను గమనించాను.

"ఏమైంది అత్తయ్యా?" అన్నాను అతను వెళ్ళాక.

"కంట్లో కారం పడింది."

"ఇంకా కారం డబ్బా మూతే తియ్యలేదు కదా. ఇక్కడ కారం ఎక్కడుంది?"

"నీ నోట్లో ఉంది. పోయి అన్నం చూడు."

అన్నంలో కుండ మజ్జిగ పోస్తే ముద్ద ముట్టుకోలేదు. చల్లటిది తగిలినా, పుల్లటిది తగిలినా పళ్ళు జివ్వుమని తలలోకి లాగేస్తున్నాయట. ఇదేమీ ఇవాళ కొత్తగా వచ్చింది కాదని, పోయినేడు కూడా సగం సీజను నాలికతోనే నెట్టుకొచ్చిందని అప్పుడు బయటపెట్టింది. "నాలికకి పులుపు తెలుస్తుంది గానీ కాయ కండ తెలియదే. కండ పంటికే తెలియాలి. పోయినేడు రెండు జాడీలు మెత్తబడ్డాయని మాటొచ్చింది, గుర్తుందా? అవి నేను కొరక్కుండా పెట్టించిన కాయలే" అంది. మా అత్తయ్య అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర తీర్మానం చెప్పేసింది. "సీజను అవగానే అన్నీ పీకించేసుకుంటాను. మైలవరంలో పళ్ళ సెట్టు కట్టే ఆయనతో మాట్లాడాను. ఒక్కసారితో పీడ పోతుంది."

మావారు కిశోర్ బాబు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "అన్నీనా అమ్మా?"

"సగం ఉంచుకుని ఏం చేసుకోను, మ్యూజియంలో పెడతానా?"

ఈ బుద్ధి ఎవరు పుట్టించారో నాకు వేరే చెప్పక్కర్లేదు. మా పక్కింటి ఇన్నయ్య మావయ్య, అత్తయ్యకి వరసకి అన్న. రెండేళ్ళ కిందట పళ్ళన్నీ తీయించి సెట్టు కట్టించుకున్నాడు. అప్పట్నించి నవ్వాల్సినవాటికీ నవ్వక్కర్లేనివాటికీ నవ్వుతూ తిరుగుతుంటాడు. ఊళ్ళో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా ముందు వెళ్ళి పలకరించేది ఆయనే. "హాయి చెల్లెమ్మా! పొద్దున లేచి కడుక్కుంటే చాలు. పేస్టు లేదు, బ్రష్షు లేదు, జివ్వుమనేది లేదు. నన్ను చూడు, మటన్ ముక్కైనా నమిలేస్తున్నా" అని అరుగు మీద కూర్చుని నవ్వి చూపించాడు.

నాకు భయం వేసింది. ఆ నోరు మా ఇంటికి అన్నం పెట్టే నోరన్న భయం ఒకటి. అంతకంటే పెద్దది ఇంకొకటుంది. కాయ కొరికి కళ్ళు మూసుకున్నప్పుడు మా అత్తయ్య ముఖంలో ఒక దర్జా కనబడుతుంది. మిగతా రోజుల్లో ఎవరో ఒకరికి వంగి ఉండే మనిషి, ఆ ఒక్క క్షణం ఎవరికీ వంగదు. ఆ ముఖం ఇక చూడలేనేమో అనిపించింది.

అందుకని పేస్టుల మీద పడ్డాను. అప్పటిదాకా మా ఇంట్లో మేమిద్దరం ఏది చవగ్గా దొరికితే అది వాడేవాళ్ళం, అత్తయ్యది కచ్చికే. ముందు లవంగం బొమ్మ ఉన్న పెద్ద పెట్టె తెచ్చాను. ఖరీదైంది కాబట్టి మంచిదే అయి ఉంటుందనుకున్నాను. నోరంతా చల్లగా, ఘాటుగా అయింది గానీ పళ్ళు జివ్వుమనడం ఆగలేదు. తర్వాత మావారు ఫోనులో ఏదో వీడియో చూసి బొగ్గు పేస్టు తెచ్చారు. అత్తయ్య దాన్ని వేలి మీద పిండుకుని చూసి, "మా పొయ్యిలో ఉచితంగా వచ్చేదాన్ని గొట్టంలో పెట్టి అమ్ముతున్నారా?" అంది. దాంతో తోముకున్న రోజు మధ్యాహ్నానికి నొప్పి ఇంకా ఎక్కువైంది.

ఇలా లాభం లేదని, నూజివీడు జాడీలు ఇవ్వడానికి నేనూ మావారూ వెళ్ళే రోజు అత్తయ్యని కూడా ఆటో ఎక్కించాను. మా వాడుక ఇళ్ళలో ఒకటి పళ్ళ డాక్టరు నిఖిత గారిది. పళ్ళ డాక్టరు దగ్గరికి అంటే అత్తయ్య రాదు, ఆవకాయ ఇవ్వడానికి అంటే వస్తుంది. జాడీ వరండాలో దించగానే నేను అసలు సంగతి చెప్పేశాను. అత్తయ్య నావైపు చూసిన చూపుకి జాడీ బీటలివ్వాలి.

డాక్టరు గారు అక్కడే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫోను లైటు వేసి నోట్లోకి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎనక దవడ పన్ను ఒకటి పాడైపోయిందమ్మా, అది తియ్యాలి. రెండు మూడు పుచ్చులు పూడ్చాలి. మిగతావి గట్టిగానే ఉన్నాయి. కానీ ముందుపళ్ళు ఇంత అరిగిపోయాయేంటి? దేంతో తోముతున్నారు?"

అత్తయ్య గర్వంగానే చెప్పింది. కొరకడం, కచ్చిక, ఉప్పు, మళ్ళీ కొరకడం. డాక్టరు గారు తల పట్టుకున్నారు.

"అమ్మా, పంటి మీద పింగాణీలాంటి పొర ఉంటుంది. పులుపు తగిలితే అది కాసేపు మెత్తబడుతుంది. కాసేపు ఊరుకుంటే నోట్లో ఊరే ఉమ్మి దాన్ని మళ్ళీ సర్దుకునేలా చేస్తుంది. మీరు ఊరుకోవట్లేదు. మెత్తబడిన దాన్ని మెత్తబడినట్టే బూడిదేసి గీకేస్తున్నారు. ఇన్ని ఏళ్ళుగా సీజనంతా అదే పని."

"మా అమ్మ చేసింది, నేను చేస్తున్నాను."

"మీ అమ్మగారి పళ్ళు ఎన్నాళ్ళున్నాయి?"

అత్తయ్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఏ పేస్టు వాడమంటారు డాక్టరు గారూ? మంచిదంటే బాగా రేటుంటుంది కదా?" అన్నాను.

"ఎందుకుంటుందండీ? పెట్టె మీద బొమ్మల్ని చూడొద్దు, ఎనకాల రాసింది చూడండి. ఫ్లోరైడ్ అని ఉండాలి, దాని పక్కన పీపీఎం అని వేసే అంకె వెయ్యికి తగ్గకూడదు. అదున్న చిన్న ట్యూబు ఎంత చవకైనా పని చేస్తుంది. అది లేని పెద్ద పెట్టె ఎంత పెట్టి కొన్నా పుచ్చుని ఆపలేదు. తెల్లగా మెరిపిస్తామనేవీ బొగ్గువీ వద్దు, అవి గరుకు. మెత్తటి బ్రష్షు మీద బఠాణీ గింజంత వేసుకుంటే చాలు, పొద్దునా, పడుకునే ముందూ. పులుపు తిన్నాక అరగంట దాటేదాకా తోమొద్దు, ఉత్త నీళ్ళతో పుక్కిలించండి."

మావారికి ఇక్కడ అనుమానం వచ్చింది. "ఫ్లోరైడా మేడమ్? ఆ నీళ్ళు తాగే కదండీ కొన్ని ఊళ్ళలో పిల్లల పళ్ళు గారపట్టి, పెద్దాళ్ళ నడుములు వంగిపోయేది?"

"చిన్నప్పట్నించి రోజూ బిందెలకొద్దీ తాగడం వేరు కిశోర్ గారూ, బఠాణీ గింజంత పళ్ళకి రాసి ఉమ్మెయ్యడం వేరు. పేస్టు మింగకూడదు, అంతే. పసిపిల్లలకైతే ఇంకా తక్కువ."

"సెట్టు కట్టించుకుంటే ఈ గొడవే ఉండదు కదమ్మా" అంది అత్తయ్య.

"కట్టించుకోవచ్చు. కానీ పై సెట్టు అంగిలినంతా కప్పేస్తుంది. కొందరికి రుచి ముందులా తెలియదు. కాయని ముందుపళ్ళతో కొరికి కండ చూడటం అయితే ఇక కుదరదనే అనుకోండి."

"మా ఇన్నయ్య అన్నయ్యకి అన్నీ తెలుస్తున్నాయి" అని అత్తయ్య లేచి ఆటో ఎక్కేసింది.

సాయంత్రం మా ఊళ్ళో వెంకటరమణ కొట్టుకి వెళ్ళి పేస్టులన్నీ తీయించాను. వేపది, ఉప్పుది, లవంగంది, మెరుపుది. ఒక్కో పెట్టె తిప్పి వెనకాల చూస్తుంటే ఆ అక్షరాలు చీమ తల కంటే చిన్నవి. ఫోనుతో ఫోటో తీసి, పెద్దది చేసి చదివాను. ముందు నేను కొన్న లవంగాల పెట్టె మీద ఫ్లోరైడ్ లేదని గొప్పగా వేరే రాసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"అమ్మాయ్, అది పేస్టు. పెళ్ళిచూపులు కాదు" అన్నాడు వెంకటరమణ విసుగ్గా.

"పెళ్ళికొడుకుని చూడ్డానికైనా ఇంతసేపు పట్టలేదులే బాబాయ్" అన్నాను.

చివరికి కింది అరలో, దుమ్ము పట్టిన మూల, ఏ బొమ్మా లేని చిన్న ట్యూబు దొరికింది. దాని వెనకాల ఫ్లోరైడ్ ఉంది, అంకె వెయ్యి ఉంది. లవంగాల పెట్టెకి పెట్టిన డబ్బుతో అలాంటివి నాలుగొచ్చేవి. ఒకటీ, మెత్తటి బ్రష్షూ తెచ్చి అత్తయ్య మంచం పక్కన కిటికీలో పెట్టాను. ఆవిడ చూసింది. ముట్టుకోలేదు. కచ్చిక డబ్బా మాత్రం ఖాళీ అవుతూనే ఉంది.

మే నెల వచ్చింది. కాయ కండ పట్టింది, పని ముమ్మరమైంది. పెరట్లో ఒకపక్క కాయలు కడగడం, ఒకపక్క తుడవడం, మావారు ఆవకాయ కత్తి ముందు కూర్చుని టెంకతో సహా ముక్కలు కొట్టడం. అత్తయ్య కొరికినప్పుడల్లా నేను వేరే వైపు చూసేదాన్ని. ఒకరోజు పెద్ద ఆర్డరు కలిపాం. జాడీలకి ఎత్తాక, బేసిను అడుగున మిగిలిన పిండిలో వేడన్నం వేసి కలిపి, పని చేసిన అందరికీ తలో ముద్ద పెట్టడం మా ఇంటి రివాజు. ఆ వాసనకి ఇన్నయ్య మావయ్య రాకుండా ఉండడు. వచ్చి, పీట వాల్చుకుని, చెయ్యి చాపాడు. అత్తయ్య ముద్ద పెట్టి, ఒక లేత ముక్క కూడా వేసింది.

"అద్భుతం చెల్లెమ్మా!" అన్నాడు నోట్లో పెట్టుకుంటూనే.

మిగతావాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. నేను బేసిను తోమడానికి తీస్తున్నాను. మావయ్య ముక్కని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి తిప్పుకుంటున్నాడు. కాసేపయ్యాక, ఎవరూ లేరనుకున్నాడేమో, నెమ్మదిగా అడిగాడు.

"పులుపు బాగా ఉందా ఈ ఏడు?"

అత్తయ్య నవ్వింది. "నువ్వే తింటున్నావుగా అన్నయ్యా."

"తింటున్నాను. కారం తెలుస్తుంది. వేడి తెలుస్తుంది. మిగతాది..." అని చెయ్యి గాల్లో ఊపాడు. "అందరూ బాగుందంటే నేనూ బాగుందంటాను. ఎట్టా ఉందో చెప్పవే."

మావయ్య నవ్వబోయి మానేశాడు. అప్పుడు అత్తయ్య తన చేతిలో ముక్కని కొరికింది. నొప్పికి కన్ను మూతపడటం నాకు కనపడింది. అయినా నమిలింది. "ముందు ఆవఘాటు ముక్కుకి కొడుతుంది అన్నయ్యా. తర్వాత ఉప్పు. పులుపు వెంటనే రాదు, ఆలోపల తొక్క కరకరమంటుంది. అప్పుడు దవడల మూల నుంచి దిగుతుంది..." అని చెబుతూనే ఉంది. పెద్దాయన కళ్ళు మూసుకుని, పిల్లాడు కథ వింటున్నట్టు విన్నాడు. నేను బేసిను పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మర్నాడు పొద్దున కిటికీలో చూస్తే ట్యూబు సరిగ్గా మధ్యలో నొక్కి ఉంది. చివర నుంచి నొక్కాలని చెప్పబోయి నాలిక కరుచుకున్నాను.

కచ్చిక డబ్బా పొయ్యి వెనక్కి పోయింది. కానీ ఒక బస్తా పులుపు ఇంకో బస్తా మీద పడకూడదు కదా. ఉత్త నీళ్ళతో పుక్కిలిస్తే సరిగ్గా పోవట్లేదని ఒకరోజంతా చిరాకు పడింది. అన్నం మెతుకులు నమిలి చూసింది, బాగా లేదంది. చివరికి తనే కనిపెట్టింది. చప్పటి మరమరాలు గుప్పెడు నమిలి, నీళ్ళు పుక్కిలిస్తే నాలిక కొత్తగా అవుతోందట. బస్తాల మధ్య ఆవిడ మరమరాలు తింటుంటే గంగరాజు, "ఏంటమ్మా, సినిమాకొచ్చినట్టు" అన్నాడు. "టికెట్టు నువ్వే కొన్నావుగా" అంది అత్తయ్య.

నొప్పి ఒక్కరోజులో పోలేదు. కొన్ని రోజులు ఏమీ తేడా లేదని ట్యూబుని తిట్టింది, నన్ను తిట్టింది, తిడుతూనే రెండు పూటలా తోమింది. మే చివరికి ఒక మధ్యాహ్నం కుండ మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగేసి, గ్లాసు కింద పెట్టాక తనే ఆశ్చర్యపోయి నావైపు చూసింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. అయినా గమనించనట్టు కూరగాయలు తరుక్కున్నాను.

"అమ్మా, మైలవరం సెట్టాయన ఫోను చేశాడు. సోమవారం రమ్మంటున్నాడు" అన్నారు మావారు ఒకరోజు.

"ఆయనకి వేరే పనుంటే చూసుకోమను" అంది అత్తయ్య.

సోమవారం తనే తయారై నూజివీడు పదమంది. నిఖిత గారు పాడైన దవడ పన్ను ఒక్కటి తీశారు. పుచ్చులు పూడ్చారు. ముందుపళ్ళు చూసి, నొప్పి ఎంత తగ్గిందో అడిగి, తృప్తిగా తలూపారు. కానీ ఇంకో మాట కూడా చెప్పారు. "అరిగింది తిరిగి రాదమ్మా. పేస్టు ఉన్నదాన్ని కాపాడుతుంది. కానీ రోజూ ఇన్ని బస్తాలు ఒక్క నోరే కొరుకుతుంటే ఏ పేస్టు మాత్రం ఏం చేస్తుంది? ఇంకొకరికి నేర్పి సగం పంచుకోండి."

దారంతా అత్తయ్య బుగ్గలో దూది పెట్టుకుని మాట్లాడలేదు. దూది లేకపోయినా మాట్లాడేది కాదని నాకు తెలుసు. ఆ పని పంచుకోవడం ఆవిడకి పళ్ళు పీకించుకోవడం కంటే కష్టం.

జూన్ మొదటి వాన పడ్డాక గంగరాజు ఆఖరి బస్తాలు తెచ్చాడు. తడి నేల మీద గోనె పరిచి దించి, దాని అంచునే కూర్చున్నాడు. అత్తయ్య కూర్చుని, బస్తా విప్పించి, మధ్యలోంచి కాయ లాగింది. చెంప కోసింది. ఆ ముక్కని మళ్ళీ రెండు చేసి ఒకటి నాకు చాపింది.

"చూడు" అంది.

"నేనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు? పుల్లగా ఉందని మాత్రం చెప్పకు, తంతాను. మామిడికాయ పుల్లగా కాక ఇంకెట్టా ఉంటుంది? ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చెప్పు."

నేను తొక్కతో సహా ముందుపళ్ళ కింద పెట్టి కొరికాను. కళ్ళు మూసుకున్నాను, ఎవరూ చెప్పకుండానే మూతపడ్డాయి. పులుపు దవడల మూల నుంచి దిగింది. తొక్క గట్టిగా తగిలింది, లోపల కండ మాత్రం పంటికి త్వరగా లొంగిపోయింది. ఆఖర్న, నాలిక వెనకాల, సన్నగా ఒక తీపి. అది నిజంగా ఉందా, నేను ఊహించుకుంటున్నానా అని అనుమానం వచ్చింది. మళ్ళీ నమిలాను. ఉంది.

"చివర్లో తీపి దిగింది అత్తయ్యా. కండ వదులుగా ఉంది. ఇది ఏడాది నిలవదు."

గంగరాజు గోనె మీద నుంచి లేచాడు. "అదేంటమ్మా, ఆవిడకేం తెలుసు? వరి నాట్ల వైపు నుంచి వచ్చినావిడ. మీరు చూసి చెప్పండి. మీరు ఎట్టా అంటే అట్టా."

మిగిలిన సగం ముక్క అత్తయ్య వేళ్ళ మధ్యే ఉంది. నేను దాని వైపే చూస్తున్నాను. ఆవిడ దాన్ని ఒకసారి చూసి, కొరక్కుండా పక్కనున్న చేటలో పడేసింది.

"ఆ అమ్మాయి చూసింది కదయ్యా" అంది. "తీసెయ్."